పెద్దమ్మ ఎవరినీ క్షమించలేదు

పోయిన మంగళవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ పోయింది. నాకు ఫోన్ రాలేదు, ఎవరూ తలుపు కొట్టలేదు. పిచ్చుకలు చెప్పాయి. ఆవిడ రోజూ ఏడింటికల్లా ఇంటి వెనక చెక్క డెక్ మీద ఇనప మూకుట్లో గింజలు పోసేది. ఆ రోజు ఏడున్నరైనా మూకుడు ఖాళీ. ఇరవై ముప్పై పిచ్చుకలు మా వైపు రెయిలింగ్ మీదికి చేరి, నా మొహంలోకి చూస్తూ ఒకటే గోల. ఆవిడ ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంటుంది. వెళ్ళి చూస్తే వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళకి స్నో బూట్లు, ఒళ్ళో గింజల డబ్బా. మూత తీసి చేత్తో పట్టుకుని ఉంది. బయటికి రావడానికి పది అడుగులు తక్కువయ్యాయి, అంతే.

శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో పాస్టర్‌గారు మైకు పట్టుకుని, "ఈ తల్లి తనకు అన్యాయం చేసినవాళ్ళందరినీ క్షమించి ప్రశాంతంగా ప్రభువు దగ్గరికి వెళ్ళింది" అన్నారు. మంచి మనిషే, పాపం. కానీ ఆ మాట పచ్చి అబద్ధం. పెద్దమ్మ ఎవరినీ క్షమించలేదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆరేళ్ళపాటు ఆవిడ క్షమించకుండా ఉన్నది నన్నే.

ఈ పత్రిక చదివే షామ్‌బర్గ్ చుట్టుపక్కల మనవాళ్ళకి నేను తెలుగు సంఘం పిక్నిక్‌లో ప్రెసిడెంట్‌గారు ఉపన్యాసం మొదలెట్టగానే మైకు వైరు పీకేసినవాడిగానే తెలుసు. సాంబారు గిన్నెలో రబ్బరు బల్లి వేసిందీ నేనే, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇంటర్ రెండుసార్లు తప్పాను. మా ఆవిడ నర్సు. ఆవిడ వీసా మీద, ఆవిడ సూట్‌కేసులతో పాటు నేనూ దిగాను. అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ పని చేస్తాను. కాబట్టి ఎవరూ నా దగ్గర చరిత్ర నేర్చుకోవద్దు. ఆ వంటింట్లో నేను విన్నదే రాస్తాను.

ముందు నా పేరు సంగతి చెప్పాలి. మా నాన్న తెనాలి వైపు బస్సు కండక్టరు, యూనియన్ మనిషి. ఆ రోజుల్లో మా వైపు పార్టీ ఇళ్ళలో పిల్లలకి దేవుళ్ళ పేర్లు పెట్టేవాళ్ళు కాదు, నాయకుల పేర్లు పెట్టేవాళ్ళు. మా అన్నకి రష్యా ఆయన పేరు వచ్చింది. నాకు చైనా ఛైర్మన్ పేరు వచ్చింది. రెండక్షరాలు. స్కూల్లో పిల్లి అరిచినట్టుందని ఏడిపించేవాళ్ళు. ఆయన బొమ్మ మా ఇంట్లో గడియారం పక్కన ఉండేది. నేను కంచంలో అన్నం వదిలేస్తే నాన్న దాన్ని చూపించి, "ఆ దేశంలో ఆకలన్నదే లేదురా. ఆయన పేరు పెట్టుకుని మెతుకులు పారేస్తావా?" అనేవాడు. నేను నమ్మి కంచం నాకేసేవాణ్ణి.

అమెరికా బయల్దేరినప్పుడు నాన్న అలాంటి బొమ్మే ఒకటి చుట్టచుట్టి చేతిలో పెట్టాడు. "హాల్లో తగిలించు. చూసి ఏడవాలి ఆ దేశమోళ్ళు" అన్నాడు. మా ఆవిడ చర్చి మనిషి. "వాక్యం ఉన్న గోడకి ఆయన మొహం పెడితే నేను డ్యూటీ నుంచి ఇంటికి రాను" అంది. బొమ్మ క్లాజెట్‌లోకి పోయింది.

ఆరేళ్ళ కిందట ఈ టౌన్‌హౌస్‌కి మారాం. మధ్య గోడకి అవతల ఇల్లు పెద్దమ్మది. చైనాలో హెనాన్ అనే రాష్ట్రంలో పల్లెటూరు ఆవిడది. అమెరికా వచ్చాక ముప్పై ఏళ్ళు రెస్టారెంట్ వంటింట్లో పనిచేసి, ఒక కూతుర్ని చదివించి, ఒంటరిగా ఉండేది. మా ఇద్దరిదీ విరిగిపోయిన ఇంగ్లీషే. ఆవిడది వంటింట్లో నేర్చింది, అన్నీ ఆర్డర్లే ఉండేవి. నాది కుళాయిల దగ్గర నేర్చింది. మేం మాట్లాడుకున్నవన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

మొదటి రోజే వెళ్ళి, గుండెమీద చెయ్యి పెట్టుకుని నా పేరు చెప్పాను. చైనా మనిషి కదా, పొంగిపోతుందనుకున్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది. ఈసారి గట్టిగా, మా నాన్న యూనియన్ మీటింగులో చెప్పినట్టు చెప్పాను. తలుపు మూసేసింది. నేను ఇంటికొచ్చి మా ఆవిడతో, "పాపం, ఆనందం పట్టలేకపోయింది" అన్నాను. మర్నాడు ప్లేటు నిండా పులిహోర పెట్టుకుని, క్లాజెట్‌లోంచి బొమ్మ తీసి, రిబ్బన్ కట్టి పట్టుకెళ్ళాను. అన్నేళ్ళలో మా ఆవిడ నన్ను ఆపకుండా వదిలేసిన పని అదొక్కటే. బొమ్మ ఇంట్లోంచి పోతోందని ఆవిడ సంతోషం.

పెద్దమ్మ బొమ్మ విప్పింది. చూసింది. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపింది. పులిహోర మాత్రం లోపలికి తీసుకెళ్ళింది. సాయంత్రానికి ప్లేటు శుభ్రంగా కడిగి మా గుమ్మంలో పెట్టి ఉంది. దానిమీద ఛైర్మన్ నాలుగు ముక్కలుగా ఉన్నాడు.

నేను నవ్వుతూ ఆ ముక్కలు మా ఆవిడకి చూపించాను. ఆవిడ నవ్వలేదు. హాస్పిటల్లో ఆవిడతో పనిచేసే చైనా నర్సుని అడిగి వచ్చింది.

"ఏవండీ, ఆయన రాజ్యంలో ఆకలికి ఊళ్ళకి ఊళ్ళు చచ్చాయట. ఆ అమ్మాయి వాళ్ళ తాతా వాళ్ళింట్లో నలుగురు పోయారట. మీరేమో రిబ్బన్ కట్టి మరీ ఇచ్చొచ్చారు."

"నాన్న ఆకలే లేదన్నాడే!"

"మీ నాన్న వెళ్ళి చూశాడా? తెనాలి నుంచి గుంటూరు దాకా టిక్కెట్లు కొట్టాడు, అంతేగా!"

ఏం చెయ్యాలో తెలీలేదు. ఆ చలికాలం మొదటి మంచు పడినప్పుడు పార పట్టుకుని ముందు ఆవిడ డ్రైవ్‌వే తోడాను. క్షమించమని అడగడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు, పార చాలింది. సగంలో ఉండగా పై కిటికీ తెరుచుకుంది.

"ఛైర్మన్! ఆ మూల వదిలేశావ్."

తల ఎత్తి చూశాను. ఆవిడ మొహంలో ఒక వెలుగు. పండగపూట చిన్నపిల్లల మొహాల్లో ఉంటుందే, అది. ఆ మూల తోడాను. "ఛైర్మన్! మెట్లు కూడా." మెట్లూ తోడాను. అప్పటినుంచీ నా బతుకు అదే. ఛైర్మన్, చెత్త బయటపెట్టు. ఛైర్మన్, సింకు మూసుకుపోయింది, చెయ్యి లోపల పెట్టి తియ్యి. ఛైర్మన్, ఆకులు ఊడువు, గాలొస్తే మళ్ళీ ఊడువు. నేను బాత్రూమ్‌లో వంగి కమోడ్ బాగుచేస్తుంటే, తనేమో స్టూలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ చూసేది. ఆ పేరున్నవాడు తన కమోడ్ దగ్గర మోకాళ్ళ మీద ఉండటం చాలు ఆవిడకి. నాకు కోపం రాలేదు. ఒకణ్ణి ఏడిపించడంలో ఉన్న రుచి నాకు తెలీనిదా? ఆ విద్యలో ఆవిడ నాకంటే గొప్పదని ఒప్పుకున్నాను.

ఆవిడ ఇంట్లో ఇనుము బయటికి పోయేది కాదు. కుళాయి మారిస్తే పాత కుళాయి ఇచ్చేయాలి. వంగిన మేకు, విరిగిన గరిట, డబ్బా మూత, అన్నీ బేస్‌మెంట్‌లో పెట్టెల్లో ఉండేవి. మూకుళ్ళయితే పదకొండు. ఒక్క మనిషికి పదకొండెందుకని అడిగాను.

"తీసుకెళ్ళడానికి మళ్ళీ వస్తే, పది ఇచ్చి ఒకటి దాచుకుంటా."

ఆవిడకి తొమ్మిది పదేళ్ళప్పుడు పార్టీ మనుషులు ఇంటింటికీ వచ్చి మూకుళ్ళు, గొళ్ళేలు, తలుపు బందులు పట్టుకెళ్ళి పెరటి కొలిమిలో వేశారట, దేశానికి ఉక్కు కావాలని. ఉక్కు కాలేదు, ఎందుకూ పనికిరాని ముద్ద అయింది. ఇక ఎవరింట్లోనూ పొయ్యి వెలగకూడదు. ఊరంతా ఒకే వంటశాలకి గిన్నె పట్టుకుని వెళ్ళాలి. అక్కడ గరిట పట్టుకున్నవాడే దేవుడు. తనవాళ్ళు వస్తే గరిట అడుగుదాకా ముంచి గట్టిది తీసేవాడు. కానివాళ్ళు వస్తే పైపైన నీళ్ళు తీసేవాడు. పెద్దమ్మ నాన్నగారు ఊరి బడిపంతులు, ఒకప్పుడు నాలుగెకరాలున్న ఇల్లు. కాబట్టి వాళ్ళ గిన్నెలో ఎప్పుడూ నీళ్ళే.

అందుకే ఆవిడ ఎవరికి సూప్ పెట్టినా అడుగునుంచి కలిపి, అడుగునుంచే తీసేది. మెయిల్ మనిషికైనా, మా ఆవిడకైనా అంతే. నాకొక్కడికే పైనుంచి నీళ్ళు. పని అయ్యాక బల్లముందు కూర్చోబెట్టి, నా కళ్ళ ముందే కుండలో గరిట పైపైన తేల్చి, తెల్లటి నీళ్ళు నా గిన్నెలో పోసి, "తాగు, ఛైర్మన్" అనేది. రెండేళ్ళు ఆ నీళ్ళే తాగాను. ఇంటికెళ్ళి అన్నం తినేవాణ్ణనుకోండి.

తమ్ముడి సంగతి ఆ మరుసటి ఏడు తెలిసింది. మా ఆవిడ షుగర్ తగ్గడానికని ఇండియన్ స్టోర్ నుంచి కొర్రలు తెచ్చింది. పెద్దమ్మ ఏదో ప్లేటు తిరిగివ్వడానికి వచ్చి, మా వంటింటి గట్టుమీద ఆ సంచి చూసింది. చెయ్యి లోపల పెట్టి గుప్పెడు తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే నేలమీద కూర్చుండిపోయింది. వాళ్ళ ఊరి పంట అదే. మనకి అన్నం ఎలాగో వాళ్ళకి కొర్రల జావ అలాగ. ఆ ఏడు పంట బాగా వచ్చిందని పై వాళ్ళకి గొప్పలు రాసి పంపారట. రాసిన లెక్క ప్రకారం గింజలన్నీ బళ్ళకెక్కించి పట్టుకుపోయారు. గాదెల ముందు తుపాకులతో కాపలా. తమ్ముడికి అయిదేళ్ళు. ముద్దుపేరుకి అర్థం కుక్కపిల్ల అట. మనవైపు పెంటయ్యా అని పెట్టినట్టే, చావు కన్ను పడకుండా పెట్టిన పేరు. ఊళ్ళో ఎల్మ్ చెట్ల బెరడు అప్పటికే ఒలుచుకు తినేశారు. చిగురు వస్తే అది ఉడకబెట్టి బతకొచ్చని అందరూ కొమ్మల వంక చూస్తూ కూర్చున్నారు.

"చిగురు రాకముందే పోయాడు. పది రోజులు" అంది పెద్దమ్మ. వేళ్ళు చూపించింది, పది. చేతులు దించలేదు చాలాసేపు.

నేనూ ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను, జోకు వెయ్యకుండా. జీవితంలో మొదటిసారి.

పిచ్చుకల కథ కూడా ఆ రోజే చెప్పింది. ఆకలికి ముందు ఏడు, పిచ్చుకలు గింజలు తింటున్నాయి, చంపెయ్యండి అని పైనుంచి హుకుం. ఊరంతా పళ్ళాలు, మూకుళ్ళు వాయిస్తూ వాటిని ఎక్కడా వాలనివ్వకుండా తరిమారు. ఎగిరి ఎగిరి ప్రాణం పోయి రాలిపడేవట. పెద్దమ్మ, తమ్ముడు కూడా వాయించారు. తమ్ముడికి అది ఆట. తర్వాత పురుగులు తినే పిట్ట లేక చేలమీద పురుగు పడింది.

"నేను సారీ చెప్పాల్సింది వీటికి మాత్రమే" అని రెయిలింగ్ వైపు చూపించింది. "నాకు చెప్పాల్సినవాళ్ళు ఎవరూ చెప్పలేదు."

ఆ రాత్రే అయ్యుంటుంది నాకు బుర్ర వెలిగింది. దాచిన ఛైర్మన్ బొమ్మ నాలుగు ముక్కలు టేపుతో అతికించి, ఆఫీసులో లామినేట్ చేయించాను. మర్నాడు ఆవిడ డెక్ మీద పిచ్చుకల మూకుడు కింద, మొహం పైకి ఉండేట్టు నాలుగు మేకులు కొట్టాను. పిచ్చుకలు ఎక్కడ తింటాయో అక్కడే రెట్ట వేస్తాయి కదా. పెద్దమ్మ టీ గ్లాసు పట్టుకుని కిటికీలోంచి చూసింది. మొదటి రెట్ట సరిగ్గా నుదుటిమీద పడింది. ఆవిడ నవ్వడం నేను అప్పుడు విన్నాను, గోడ అవతల మా ఆవిడకి కూడా వినపడింది. ఆ రోజునుంచీ అది ఆవిడ పొద్దున్న పూజ. వానకి కడిగిపోతే దిగులుపడేది.

మీలో కొందరు ముక్కు మూసుకుంటున్నారని తెలుసు. చచ్చినవాడి బొమ్మమీద పగేంటి అంటారు. బతికుండగా అడగనిచ్చారా మరి?

తర్వాత నేనొక తప్పు చేశాను. బొమ్మ పారిందన్న ఊపులో, చైనా సినిమాల్లో దోషుల నెత్తిన పెట్టే టోపీ ఉంటుందే, పొడుగ్గా మొనదేరింది, అలాంటిది సేల్ పేపర్లతో చేసి, దాని మీద నా పేరు రాసి, పేరుకి అడ్డంగా గీత కొట్టి, నెత్తిన పెట్టుకుని ఆవిడ తలుపు కొట్టాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ గోడ పట్టుకుంది.

ఆవిడకి పదిహేడేళ్ళప్పుడు అలాంటి టోపీ వాళ్ళ నాన్నగారి నెత్తిన పెట్టారు. ఛైర్మన్ పిలుపు విని, నాన్నగారి దగ్గర చదువుకున్న పిల్లలే పెట్టారు. బడి ముందు బెంచీమీద నిలబెట్టి, తల వంచి, నేరాలు చదివారు. చుట్టూ జనం అరవాలి. ఆవిడ ముందు వరసలో ఉంది. అరవకపోతే ఆవిడకీ టోపీ ఉంది.

"అరిచాను. నాన్న నా గొంతు గుర్తుపట్టి తల ఎత్తాడు" అంది. "ఆ చలికాలం దాటలేదు ఆయన."

నేను టోపీ తీసి నలిపేయబోయాను. చెయ్యి పట్టుకుంది.

"ఉంచు. స్టూలెక్కు."

"పెద్దమ్మా, నేను జోకుకి..."

"ఎక్కు, ఛైర్మన్."

ఎక్కాను. తొంభై కిలోల మనిషిని, కాగితం టోపీతో, షామ్‌బర్గ్‌లో ఒక వంటింట్లో స్టూలెక్కి నిలబడ్డాను. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుంది, చేతిలో మూకుడు మూత. బయట పార్కింగ్ దగ్గర ఎల్మ్ చెట్టు అప్పుడే చిగురు వేస్తోంది.

"మా ఊరి మూకుళ్ళు ఎవరు పట్టుకెళ్ళారు?"

"నా మనుషులు."

"ఉక్కయిందా?"

"లేదు. ముద్దయింది."

"మా తమ్ముడు పోయిన రోజు నువ్వేం తిన్నావ్?"

"ఆ రోజు ఉపవాసం అనుకుంటా" అన్నాను, అలవాటు కొద్దీ. మూత బల్లమీద ఠంగున మోగింది.

"ఏం తిన్నావ్?"

"గుర్తులేదు. కానీ తిన్నాను."

"నీకు తెలుసా, తెలీదా?"

ఆ ప్రశ్నకి నాకు మా నాన్న గుర్తొచ్చాడు, గడియారం పక్కన బొమ్మ, నేను నాకేసిన కంచం. "తెలుసు" అన్నాను. "తెలిసి?" అంది. చాలాసేపు నిలబెట్టింది. చివరికి, "నన్ను క్షమించండి" అన్నాను. నిజంగానే అన్నాను.

"లేదు" అంది పెద్దమ్మ. "వచ్చే ఏడు మళ్ళీ రా. ఇప్పుడు దిగు, తిను."

గిన్నె తెచ్చింది. నేను నీళ్ళకి సిద్ధపడి కూర్చున్నాను. ఆవిడ గరిట అడుగుదాకా ముంచింది. కలిపింది. మాంసం, ముల్లంగి, కొర్రలు, గట్టిది తీసి నా గిన్నె నింపింది.

"మీ అమ్మ నిన్నేమని పిలిచేది?"

"చిన్నోడా అనేది."

ఆవిడ నోట్లో అది ఎలాగోలా తిరిగింది. "ఛైర్మన్‌కి ఎప్పుడూ నీళ్ళే. ఇది చిన్నోడికి" అంది. అప్పటినుంచీ ఏడాదంతా నేను చిన్నోణ్ణి. ఎల్మ్ చిగురు వేసిన రోజు ఒక్కటే ఛైర్మన్‌ని. నాలుగేళ్ళు స్టూలెక్కాను. నాలుగేళ్ళూ క్షమించమన్నాను. నాలుగేళ్ళూ లేదంది, అన్నం పెట్టింది.

మొదటిసారి స్టూలు దిగి వచ్చాక తెనాలికి ఫోన్ చేశాను. "నాన్నా, అక్కడ ఆకలే లేదన్నావే" అన్నాను. "అవన్నీ సామ్రాజ్యవాదుల పుకార్లురా" అన్నాడు. "ఆ సామ్రాజ్యవాది మా పక్కింట్లోనే ఉంది నాన్నా, నిన్ననే ఆవిడ కమోడ్ బాగుచేసి వచ్చాను" అని మొత్తం చెప్పాను. కావాలనే, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నాచేత కంచం నాకించినందుకు కసి తీరాలని చెప్పాను. నాన్న అంతా విన్నాడు. తర్వాత, "ఆ పిల్లాడికి ఎన్నేళ్ళన్నావ్?" అని ఫోన్ పెట్టేశాడు. బొమ్మ ఇప్పటికీ గోడమీదే ఉందని అన్న చెప్పాడు. నాన్న మాత్రం దానికి వీపు పెట్టి భోజనానికి కూర్చుంటున్నాడట.

పోయిన ఏడాది నుంచి కూతురు పెద్దమ్మని చర్చికి తీసుకెళ్ళడం మొదలెట్టింది. పాటలు బాగుంటాయనీ, కేకు బాగుంటుందనీ వెళ్ళేది. అక్కడ ఆడవాళ్ళు చేతులు పట్టుకుని, క్షమించు తల్లీ, బరువు దిగుతుంది అనేవాళ్ళట. మా ఆవిడ కూడా ఒకసారి మెల్లిగా అదే అంది. పెద్దమ్మ ఆవిడకి సూప్ అడుగునుంచే పోసి, "ఆ బరువు మా తమ్ముడిది. వాడు అసలే బక్కపిల్లాడు. అది కూడా దింపేస్తే ఇంకేం మిగులుతాడు?" అంది. మా ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్టోబర్‌లో నేను హీటర్ ఫిల్టర్ మారుస్తుంటే పిలిచింది.

"చిన్నోడా, నేను పోయాక వీళ్ళంతా నిలబడి, ఆవిడ క్షమించేసింది అంటారు."

"అంటే అననీ పెద్దమ్మా, నీకు వినపడదుగా."

"తమ్ముణ్ణి తీసుకున్నారు. సరే. కానీ నా నోరు తీసుకుని మా నాన్న మీద వాడారు. ఒకసారి చాలు. చచ్చాక మళ్ళీ నా నోరు ఎవరూ వాడకూడదు. అన్నారంటే నువ్వు లేచి కాదని చెప్పు."

"అందరి ముందా? మా ఆవిడ చంపేస్తుంది."

"చంపనీ. నువ్వూ నా పక్కకి వచ్చేస్తావు, సింకులు బాగుచేయడానికి ఒకడుంటాడు."

మాటిచ్చాను. ఇలాంటివి నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నా నోటిని మూయమని అడిగినవాళ్ళే అందరూ.

శనివారం పాస్టర్‌గారు ఆ మాట అనగానే నేను కుర్చీ అంచుకి జరిగాను. మా ఆవిడ ముందే పసిగట్టి నా మోచెయ్యి గిల్లి పట్టుకుంది. "ఏవండీ, వద్దు. చావింట్లో కోతి పనులు వద్దు." నేను లేచాను. హాలు నిండా జనం, సగం మంది ముసలి చైనావాళ్ళు. మైకు వైరు పీకడం అలవాటే గానీ, మైకు లేకుండా మాట్లాడటం అలవాటు లేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ, పాస్టర్. ఆవిడ క్షమించలేదు" అన్నాను.

ఆయన, "సార్, మీరు...?" అన్నారు.

నా పేరు చెప్పాను. పూర్తిగా, స్పష్టంగా, ఆ మొదటి రోజు గుమ్మంలో చెప్పినట్టు. హాల్లో తలలన్నీ తిరిగాయి.

"నేను ఆవిడని ఏటా క్షమించమని అడిగాను. ఏటా లేదంది. కిందటి ఏప్రిల్‌లో కూడా లేదంది. ఆవిడకి తమ్ముడున్నాడు, అయిదేళ్ళు. ఆవిడ నాన్నగారు పంతులు. ఆ ఇద్దరి కోసం లేదంది. ఆ మాట చెప్పమంది, చెప్పాను. థాంక్యూ."

కూర్చున్నాను. మూడు వరసల ముందు ఒక ముసలావిడ వెనక్కి తిరగకుండానే తల ఊపింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆవిడ పక్కన ముసలాయన చేతికర్రని నేలకేసి ఒక్కసారి కొట్టాడు. అంతే. పాస్టర్‌గారు కీర్తన నంబరు చెప్పారు.

కార్‌లో వుడ్‌ఫీల్డ్ రోడ్ దాటాం. మా ఆవిడ, "అది నిజమేనా?" అంది. "నిజం" అన్నాను. "అయితే దేవుడికి ముందే తెలుసు. ఆయనకి అంత గట్టిగా చెప్పక్కర్లేదు" అంది. ఒక సిగ్నల్ దాటాక, "పాస్టర్‌గారికే చెప్పాలి, నిజమే" అని కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం కూతురు వచ్చింది. తిట్టడానికనుకుని తలుపు సగమే తీశాను. ఏడ్చి ఏడ్చి ఉంది. "నాకు మేనమామ ఉన్నాడా?" అంది. వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదట, అడిగితే అన్నం పెట్టేదట. కూర్చోబెట్టి కుక్కపిల్ల సంగతి, పది రోజుల సంగతి, ఏటా స్టూలెక్కిన సంగతి చెప్పాను. టోపీ చూపించాను. ఆ ప్రశ్నలు ఏంటో చెప్పమంది. చెప్తుంటే ఒక్కొక్కటే ఫోన్‌లో రాసుకుంది. "ఎల్మ్ చిగురు వేసినప్పుడు నేనొస్తాను. స్టూలు ఉంచు అంకుల్" అంది.

మూకుళ్ళు పది కార్‌లో పెట్టుకుంది. పదకొండోది పిచ్చుకలదని వదిలేసింది. దాని కింద ఉన్నది చూసి, "ఛీ, దీన్ని తీసేయనా?" అంది.

"వద్దమ్మా. శిక్ష ఇంకా అయిపోలేదు" అన్నాను.

ఈ పొద్దున నాలుగంగుళాల మంచు పడింది. ముందు ఆవిడ డ్రైవ్‌వే తోడాను, మూలలతో సహా. పైకొచ్చి మూకుట్లో మంచు దులిపి కొర్రలు పోశాను. కింద బొమ్మ ఎక్కడుందో కనపడటం లేదు, అంతా తెల్లగా, అసలు ఏమీ జరగనట్టే ఉంది. ఒక పిచ్చుక మూకుడు అంచునుంచి కిందికి దూకింది. రాలిన గింజ కోసం కాళ్ళతో మంచు గీకడం మొదలెట్టింది. గీకింది, గీకింది, ఒక కన్ను బయటపడేదాకా గీకింది. తర్వాత దాని మీద తీరిగ్గా కూర్చుంది.